తల్లిదండ్రుల తర్వాత ఎవరు? ఆటిజం సంస్థలను నిలబెట్టినవాళ్ల చరిత్ర

ఈ వారం చరిత్ర వ్యాసానికి స్వదేశీ ఉద్యమం అనుకుని నోట్స్ తీసిపెట్టుకున్నాను. ఈలోగా మా సాక్చిలో వీధి చివర ఉండే బాబాయ్ ఒకాయన ఓ కాయితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంట్‌లో కూలిపనికి వచ్చిన మనిషి. బాబాయ్ రిటైరయ్యారు. ఆయన కొడుక్కి ఆటిజం. ఈమధ్యే 18 నిండాయి. అబ్బాయి పేరు మీద ఖాతా తెరవడానికి వెళ్తే గార్డియన్ సర్టిఫికెట్ అడిగారట.

"నువ్వు కలెక్టర్ పరీక్షకు చదువుతున్నావు కదా బాబూ, ఈ సర్టిఫికెట్ ఎవరిస్తారో కాస్త చూసిపెట్టు" అన్నారు. చెప్పులు వేసుకుంటూ, "మేమున్నన్నాళ్లూ పర్లేదు. మా తర్వాతే..." అని ఆపేశారు.

నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 నా జీఎస్-2 నోట్స్‌లో ఒక్క లైను. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు. అంతే రాసుకున్నాను. ఆ లైను వెనక ఏముందో చూద్దామని మొదలుపెడితే అరవై ఏళ్ల చరిత్ర బయటపడింది. ఆటిజం ఉన్నవాళ్ల కోసం సంస్థలు ఎవరు పెట్టారు? వాటిలో రోజూ పనిచేసేది ఎవరు? ఈ రెండు ప్రశ్నలతో ఆ చరిత్ర చదివితే బాబాయ్ ఆపేసిన మాటకు జవాబు కొంత దొరుకుతుంది. అందుకే స్వదేశీని వచ్చే వారానికి వాయిదా వేశాను.

1. సాక్చి: మస్టరు రోల్ చుట్టూ అల్లిన సంక్షేమం

ముందు మా ఊరి సంగతి. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసేచోట సాక్చి ఒక చిన్న గ్రామం. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడ్డాక ఉక్కు కర్మాగారానికి ఈ చోటే ఖాయమైంది. 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైంది. 1919లో వైస్రాయ్ ఛెమ్స్‌ఫర్డ్ వచ్చి ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. సాక్చి ఆ నగరంలో ఒక పేటగా, పెద్ద బజారుగా మిగిలింది.

కార్మిక సంక్షేమ చరిత్రలో ఈ ఊరిది పెద్ద స్థానం. 8 గంటల పనిదినం 1912లో, ఉచిత వైద్యం 1915లో, కార్మికుల పిల్లలకు చదువు 1917లో, ప్రావిడెంట్ ఫండ్, జీతంతో కూడిన సెలవు 1920లో, ప్రసూతి ప్రయోజనం 1928లో ఇక్కడ వచ్చాయి. 8 గంటల పనిదినం దేశంలోని ఫ్యాక్టరీలన్నిటికీ చట్టంగా మారింది 1948లో. ఈ తేడా చూపిస్తే జవాబుకు బలం వస్తుంది.

అయితే ఈ సంక్షేమం ఎలా పనిచేస్తుందో గమనించండి. ప్రతి ప్రయోజనానికీ ద్వారం మస్టరు రోల్. ఉద్యోగి పేరు మీద క్వార్టరు, వైద్యం, పిల్లల బడి. పిల్లవాడు పెరిగి తానూ ఒక ఉద్యోగి అవుతాడనే లెక్క మీద ఈ ఏర్పాటు నడుస్తుంది. జీవితాంతం ఏ మస్టరు రోల్‌లోనూ పేరు ఎక్కే అవకాశం లేని పిల్లవాడికి తండ్రి రిటైరైన రోజు ఏమవుతుంది? ఎంత మంచి కంపెనీ అయినా, యజమాని-ఉద్యోగి సంబంధం మీద కట్టిన సంక్షేమంలో ఈ ప్రశ్నకు చోటు తక్కువ. మన దేశంలో ఈఎస్ఐ, ఈపీఎఫ్ లాంటి సామాజిక భద్రత అంతా ఎక్కువగా ఈ నమూనా మీదే పెరిగింది. అందుకే దీన్ని జంషెడ్‌పూర్ సమస్యగా కాక దేశం సమస్యగా చదవాలి.

కంపెనీ ఇవ్వనిది జనం తామే కూడి కట్టుకోవడం కూడా ఈ ఊరి అలవాటే. బిష్టుపూర్‌లో తెలుగువాళ్ల రామమందిరం, ఊళ్లోని ఆంధ్రా అసోసియేషన్ అలా వచ్చినవే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం స్కూల్ ఆఫ్ హోప్ లాంటి బడి కూడా ఈ నగరంలో ఉంది. ఇలా కూడి కట్టుకోవడమే ఆటిజం విషయంలో ప్రపంచమంతటా జరిగింది. కూడినవాళ్లు తల్లిదండ్రులు.

2. 1943-1969: నింద తల్లి మీద

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే పిల్లల మనోవైద్యుడు 11 మంది పిల్లలను వర్ణిస్తూ వ్యాసం రాశాడు. ఆటిజానికి వైద్యశాస్త్రంలో విడిగా గుర్తింపు దాంతోనే మొదలైంది. మరుసటి ఏడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇంచుమించు అలాంటి లక్షణాల గురించే రాశాడు.

తర్వాతి రెండు దశాబ్దాల్లో ఒక పెద్ద పొరపాటు జరిగింది. తల్లిదండ్రుల్లో, ముఖ్యంగా తల్లిలో ప్రేమ లేకపోవడం వల్లే బిడ్డ ఇలా అయ్యాడన్న వాదం బలపడింది. అలాంటి తల్లులకు 'రిఫ్రిజిరేటర్ మదర్స్' అని పేరు పెట్టారు. షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో రాసిన 'ది ఎంప్టీ ఫోర్ట్రెస్' పుస్తకం ఈ భావాన్ని సామాన్య పాఠకుల దాకా తీసుకెళ్లింది. చివరికి 1969లో కానర్ స్వయంగా తల్లిదండ్రుల సభలో నిలబడి వాళ్ల తప్పేమీ లేదని చెప్పాడు.

ఈ ఘట్టం ఎందుకు ముఖ్యమంటే, ఆనాటి నిపుణులు తల్లిని చికిత్సలో భాగస్వామిగా చూడలేదు. రోగకారణంగా చూశారు. బిడ్డ కోసం డాక్టరు దగ్గరకు వెళ్తే తననే ముద్దాయిని చేస్తున్న పరిస్థితి ఆమెది. ప్రభుత్వ బడులు ఈ పిల్లలు చదువుకోలేరని పంపేసేవి. అటు డాక్టరూ ఇటు బడీ లేనప్పుడు మిగిలింది తోటి తల్లిదండ్రులే.

మన దగ్గర ఈ నింద పేరు మార్చుకుని వచ్చింది. "కడుపుతో ఉన్నప్పుడు ఏం చూసిందో", "ఉద్యోగానికి వెళ్లి బిడ్డను పట్టించుకోలేదు", "ఫోన్ ఇచ్చి పాడుచేసింది" అనే మాటలు ఇప్పటికీ వింటున్నాం. జీఎస్-1 సమాజం పేపర్‌లో జెండర్ కోణం రాయాల్సి వస్తే ఇది పనికొచ్చే ఉదాహరణ. సంరక్షణ భారం, నింద రెండూ ఒకే మనిషి మీద పడతాయి.

3. 1962-1974: నిందపడ్డవాళ్లే నిర్మాతలు

1962లో లండన్‌లో కొందరు తల్లిదండ్రులు కలిసి ఒక సొసైటీ పెట్టుకున్నారు. అదే నేటి నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ. స్థాపకుల్లో లోర్నా వింగ్ ఒకరు. ఆమె మనోవైద్యురాలు, ఆటిజం ఉన్న అమ్మాయికి తల్లి కూడా. జుడిత్ గౌల్డ్‌తో కలిసి ఆమె లండన్‌లోని కాంబర్‌వెల్ ప్రాంతంలో చేసి 1979లో వెలువరించిన అధ్యయనం ఆటిజాన్ని ఒక స్పెక్ట్రమ్‌గా చూడటానికి దారి తీసింది. అంటే తల్లి కూడా అయిన ఒక వైద్యురాలి పని వల్ల శాస్త్రం దారి మార్చుకుంది.

అదే లండన్‌లో సిబిల్ ఎల్గర్ అనే టీచరు ఉండేది. మాంటిస్సోరి శిక్షణ పొందిన మనిషి. ఆటిజం ఉన్న పిల్లలను కూర్చోబెట్టుకుని తన ఇంటి బేస్‌మెంట్‌లో పాఠం చెప్పడం మొదలుపెట్టింది. ఈ పిల్లలకు చదువు రాదన్న మాటను ఆ గది తప్పని తేల్చింది. 1965లో సొసైటీ ఈలింగ్‌లో బడి తెరిచినప్పుడు దానికి ఆమే నాయకత్వం వహించింది. ఆ పిల్లలు పెద్దవాళ్లవుతున్నారని గుర్తించి, 1974లో సోమర్సెట్ కోర్ట్ అనే నివాస కేంద్రం నెలకొల్పడంలోనూ ఆమెదే ముఖ్యపాత్ర. "మా తర్వాత ఎవరు?" అనే ప్రశ్నకు తొలి సంస్థాగత సమాధానాల్లో అది ఒకటి.

ఇక్కడ రెండు పాత్రలు విడివిడిగా కనిపిస్తాయి. సంస్థను పుట్టించింది తల్లిదండ్రులు. దాన్ని రోజూ నడిచేలా చేసింది ఒక టీచరు. ఈ రెండో పాత్ర గురించి మనం తక్కువ చదువుతాం.

అమెరికాలో బెర్నార్డ్ రిమ్‌లాండ్ నౌకాదళంలో పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్త. కొడుక్కి ఆటిజం. 1964లో రాసిన పుస్తకంలో ఆటిజానికి మూలం శరీరధర్మంలో ఉందని, పెంపకంలో లేదని వాదించాడు. 1965లో రూత్ సల్లివాన్ మొదలైన తల్లిదండ్రులతో కలిసి జాతీయ సంఘం స్థాపించాడు. వికలాంగ బాలలందరికీ ఉచిత ప్రభుత్వ విద్య హక్కుగా ఇచ్చిన 1975 నాటి అమెరికన్ చట్టం కోసం సల్లివాన్ గట్టిగా కృషి చేసింది. నార్త్ కరోలినాలో ఎరిక్ షోప్లర్ ఒకప్పుడు బెటెల్‌హైమ్ దగ్గర చదువుకున్నవాడే. ఆయన మాత్రం తల్లిదండ్రులను సహ-చికిత్సకులుగా తీసుకుని పనిచేశాడు. ఆ పద్ధతితో 1972లో టీచ్ అనే కార్యక్రమం ఆ రాష్ట్రమంతటికీ ప్రభుత్వ కార్యక్రమంగా మారింది. ఇందులో శిక్షణ పొందిన సిబ్బంది, తల్లిదండ్రులు, ప్రభుత్వ నిధులు మూడూ ఒకచోట చేరాయి. పాలనాపరంగా గుర్తుపెట్టుకోవాల్సిన నమూనా ఇది.

4. భారత్: సికింద్రాబాద్, ఢిల్లీ

మన దేశంలో ఈ కథకు రెండు పాయలున్నాయి. ఒకటి ప్రభుత్వం తవ్వినది, రెండోది తల్లిదండ్రులు తవ్వినది.

మొదటి పాయ తెలుగు నేల మీదే మొదలైంది. 1984లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను ఏర్పాటు చేసింది. ఎన్ఐఎంహెచ్ అంటే పాతవాళ్లకు బాగా తెలుసు. ఇప్పుడు దాని పేరు జాతీయ మేధో వైకల్య వ్యక్తుల సాధికారత సంస్థ, పొట్టిగా ఎన్ఐఈపీఐడీ. ప్రత్యేక విద్యలో టీచర్లను, పునరావాస మనస్తత్వ నిపుణులను తయారుచేయడం దీని ప్రధాన పనుల్లో ఒకటి. భారతీయ ఆటిజం మదింపు స్కేలు, అంటే ఐఎస్ఏఏ, కూడా ఈ సంస్థ తయారుచేసిందే. ఆరు విభాగాల్లో 40 అంశాలుంటాయి. సర్టిఫికెట్ల కోసం ప్రభుత్వం 2016లో దీన్ని నోటిఫై చేసింది. దేశంలో ఏ జిల్లాలో ఆటిజం సర్టిఫికెట్ రాసినా దాని వెనక సికింద్రాబాద్‌లో తయారైన ప్రశ్నావళి ఉంటుంది.

ఈ సంస్థ చేసిన మరో మంచి పని తల్లిదండ్రుల సంఘాలను ప్రోత్సహించడం. వాటి జాతీయ సమాఖ్యగా 1995లో 'పరివార్' ఏర్పడింది. ప్రభుత్వ సంస్థ ఒకటి పౌరసంఘాలు పుట్టడానికి తోడ్పడటం మన పాలనలో తరచుగా కనిపించే సంగతి కాదు.

రెండో పాయ ఢిల్లీలో. మేరీ బారువా కొడుక్కి ఆటిజం. అప్పటికి మన దేశంలో ఆ మాట విన్న డాక్టర్లే తక్కువ. ఆమె 1991లో యాక్షన్ ఫర్ ఆటిజం ప్రారంభించారు. 1994లో ఓపెన్ డోర్ అనే బడి పెట్టారు. బడి పెట్టగానే ఎదురైన సమస్య సిబ్బంది. మేధో వైకల్యానికి శిక్షణ పొందిన టీచర్లు కొందరు దొరికేవారు. ఆటిజం విడిగా తెలిసినవాళ్లు లేరు. అందుకని సంస్థ తానే టీచర్లకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆటిజానికే ప్రత్యేకించిన డిప్లొమా కోర్సు తర్వాత భారత పునరావాస మండలి గుర్తింపుతో నడిచింది.

అంటే 1960లలో లండన్‌లో కనిపించిన వరసే ఇక్కడా. ముందు ఒక తల్లి, తర్వాత ఒక బడి, ఆ బడిలో పాఠం చెప్పేవాళ్లు లేక టీచర్ల శిక్షణ. చట్టం వచ్చేది ఆ తర్వాతే.

5. చట్టం: నాయకత్వానికి కుర్చీలు

1992లో భారత పునరావాస మండలి చట్టం వచ్చింది. ప్రత్యేక టీచర్లు, స్పీచ్ థెరపిస్టులు మొదలైనవాళ్ల కోర్సులకు ప్రమాణాలు, వాళ్ల పేర్లకు రిజిస్టరు దీంతో ఏర్పడ్డాయి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉన్నాయి. ఆ జాబితాలో ఆటిజం లేదు. జాబితాలో లేనివాడికి ధ్రువపత్రం రాదు, రిజర్వేషన్ రాదు.

అందుకే 1999 చట్టం విలువైనది. అందులో ఆటిజం చేరడానికి తల్లిదండ్రుల సంస్థలు, ముఖ్యంగా యాక్షన్ ఫర్ ఆటిజం, పట్టుబట్టి పనిచేశాయి. ట్రస్టుకు కేంద్రం 100 కోట్ల మూలనిధి ఇచ్చింది. తల్లిదండ్రులు లేదా సంరక్షకులు మరణిస్తే ఆ వ్యక్తి సంరక్షణకు చర్యలు తీసుకోవడం చట్టం లక్ష్యాల్లోనే ఉంది. బాబాయ్ ఆపేసిన మాటను పార్లమెంటు ఒక క్లాజుగా రాసిందన్నమాట.

ప్రిలిమ్స్ దృష్టితో సెక్షన్లు చదివేటప్పుడు బోర్డు కూర్పును దాటేస్తాం. ఇక్కడ దాటవద్దు. నేషనల్ ట్రస్ట్ బోర్డులో రిజిస్టరైన సంస్థల నుంచి 9 మంది ఉండాలి. స్వచ్ఛంద సంస్థలకు 3, తల్లిదండ్రుల సంఘాలకు 3, వికలాంగుల సంఘాలకు 3. దశాబ్దాల పాటు ముద్దాయిగా నిలబడ్డ తల్లిదండ్రులకు చట్టం కుర్చీ వేసింది.

జిల్లాలో సెక్షన్ 13 కింద స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. ముగ్గురు సభ్యులు. జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని సివిల్ సర్వీస్ అధికారి, రిజిస్టరైన సంస్థ ప్రతినిధి ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు. 18 నిండినవాళ్లకు సెక్షన్ 14 కింద గార్డియన్‌ను నియమించేది ఈ కమిటీయే. బాబాయ్ అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. జార్ఖండ్‌లో కలెక్టర్‌ను డిప్యూటీ కమిషనర్ అంటారు కాబట్టి ఆయన డీసీ ఆఫీసుకు వెళ్లాలి.

తర్వాత 2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. భారత్ 2007లో ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచి ఆటిజాన్ని చేర్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలకు కలిపి ఇచ్చారు.

రెండు చట్టాల మధ్య ఒక ఘర్షణ కూడా ఉంది. 1999 చట్టం గార్డియన్ వ్యక్తి బదులు నిర్ణయం తీసుకుంటాడనే భావన మీద నిలబడింది. ఒడంబడికలోని 12వ అధికరణం వ్యక్తికే చట్టపరమైన సామర్థ్యం ఉందంటుంది. 2016 చట్టంలోని 14వ సెక్షన్ మధ్యేమార్గంగా పరిమిత సంరక్షకత్వం అన్నది. గార్డియన్ ఆ వ్యక్తిని సంప్రదించి, అతని ఇష్టాన్ని అనుసరించి, నిర్దిష్ట కాలానికి, నిర్దిష్ట విషయానికి మాత్రమే నిర్ణయించాలి. ఎథిక్స్ పేపర్‌లో సంరక్షణకూ స్వయంప్రతిపత్తికీ మధ్య తగవు అడిగితే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

6. సిబ్బంది: చరిత్రలో పేరు లేని పాత్ర

ఇప్పటిదాకా చెప్పిన పేర్లు చూడండి. సిబిల్ ఎల్గర్‌ను పక్కనపెడితే దాదాపు అందరూ స్థాపకులు, పండితులు. ఆటిజం సంస్థలో రోజు ఎలా గడుస్తుందో తెలిస్తే ఈ జాబితాలో ఏం తగ్గిందో అర్థమవుతుంది.

మాట రాని పిల్లవాడికి నీళ్లు కావాలని బొమ్మ కార్డు చూపి అడగడం నేర్పాలి. దానికి వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. టాయిలెట్ అలవాటు, అన్నం కలుపుకుని తినడం, చొక్కా గుండీలు, రోడ్డు దాటడం, ఒక్కోటీ చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి నేర్పాలి. ఎక్కువ చప్పుడుకు చెవులు మూసుకుని తల గోడకు కొట్టుకుంటున్న పిల్లవాణ్ని శాంతింపజేయాలి. ఇవన్నీ చేసేది స్పెషల్ ఎడ్యుకేటర్, థెరపిస్టు, ఆయా. మనిషి మారితే పిల్లవాడు నేర్చుకున్నది వెనక్కి పోవచ్చు. కాబట్టి ఇక్కడ సిబ్బంది నిలకడగా ఉండటం కూడా సేవలో భాగమే.

ఆ నిలకడే మన దగ్గర కొరవడింది. తెలుగు రాష్ట్రాల్లో మండల స్థాయిలో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు, ఫిజియోథెరపీ అక్కడ అందాలి. వాటిని నడిపే ఐఈఆర్‌పీలు ఏళ్ల తరబడి ఒప్పంద పద్ధతిలోనే పనిచేశారు. 2021లో రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే పట్టుకుంది. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచర్లు ఉండాలని, శాశ్వత పోస్టులు సృష్టించాలని చెప్పింది. 2025లో మళ్లీ అదే కేసులో పోస్టులు నోటిఫై చేయండని రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. హక్కు 2016 నుంచి చట్టంలో ఉంది. దాన్ని అందించే మనిషి పోస్టు కోసం తొమ్మిదేళ్ల తర్వాత కూడా కోర్టు అడుగుతోంది.

లెక్కల్లోనూ ఇదే వెలితి. 2011 జనగణన ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.68 కోట్లు. అందులో ఆటిజాన్ని విడిగా లెక్కించలేదు. ఎంతమంది ఉన్నారో తెలియకుండా ఎంతమంది టీచర్లు కావాలో ఎలా తేలుతుంది?

మా ఊరి వైపు నుంచి ఒక సంగతి కలుపుతాను. ఇక్కడి తెలుగు ఇళ్లలో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లిష్. పిల్లవాడికి మాటలు ఆలస్యమైతే ఇంట్లో ఒకే భాష మాట్లాడమనే సలహా వస్తుంది. సాధారణంగా ఆ ఒక్క భాష హిందీ అవుతుంది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాట మరింత ఆలస్యమవుతుందనడానికి పరిశోధనల్లో ఆధారం కనిపించలేదు. ఇంటి భాష పోతే ఆ పిల్లవాడు నాయనమ్మతో మాట్లాడే దారి పోతుంది. వలస ఊళ్లలో సిబ్బంది నియామకంలో భాషకూ విలువ ఇవ్వాలని నేను అనేది అందుకే.

7. స్థాపకుల తర్వాత ఎవరు?

తల్లిదండ్రుల నాయకత్వానికి ఒక హద్దు కూడా ఉంది. 1990ల నుంచి ఆటిజం ఉన్న పెద్దవాళ్లే గొంతు విప్పారు. మా బదులు మా తల్లిదండ్రులు మాట్లాడితే చాలదన్నారు. 1993లో జిమ్ సింక్లెయిర్ తల్లిదండ్రులను ఉద్దేశించి రాసిన వ్యాసం ఆ ఉద్యమానికి పునాదుల్లో ఒకటి. 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న పిల్లవాడి తాత, అమ్మమ్మ అయిన బాబ్, సుజాన్ రైట్ దంపతులు ఆటిజం స్పీక్స్ స్థాపించారు. దాని బోర్డులో ఆటిస్టిక్ వ్యక్తులు లేరని ఏళ్ల తరబడి విమర్శ నడిచింది. ఒడంబడికలోని 4(3) అధికరణం కూడా నిర్ణయాల్లో వాళ్ల భాగస్వామ్యాన్ని కోరుతుంది. మన 1999 చట్టంలోని మూడో కోటా, వైకల్యం ఉన్నవాళ్ల సంఘాల కోటా, నిజంగా వాళ్ల చేతుల్లో ఉందా అన్నది మనం వేయాల్సిన ప్రశ్న.

ఇంజినీరింగ్‌లో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. ఒక్క భాగం ఆగితే యంత్రమంతా ఆగిపోయే డిజైన్ అది. ఇంట్లో బిడ్డ అమ్మ మీద ఆధారపడ్డట్టే చాలా సంస్థలు స్థాపించిన మనిషి మీద ఆధారపడి ఉంటాయి. తల్లి తర్వాత బిడ్డకు ఎవరు, స్థాపకురాలి తర్వాత సంస్థకు ఎవరు అనేవి నా దృష్టిలో ఒకే ప్రశ్న. రెండింటికీ జవాబు శిక్షణ ఉండి, సరైన జీతం ఉండి, పదేళ్ల తర్వాత కూడా అదే చోట కనిపించే సిబ్బంది. తల్లిదండ్రుల త్యాగాన్ని పొగిడి సిబ్బంది జీతం మరచిపోయే సమాజం ఆ ప్రశ్నను తర్వాతి తరానికి వాయిదా వేస్తున్నట్టే.

నేను ఈ వ్యాసం రాసింది అందుకే. మనలో ఎవరో ఒకరు రేపు ఏదో జిల్లాలో ఆ ముగ్గురు సభ్యుల కమిటీలో మొదటి కుర్చీలో కూర్చుంటారు. బల్ల మీద వంద ఫైళ్లుంటాయి. గార్డియన్ దరఖాస్తు వాటిలో అడుగున ఉంటుంది, ఎందుకంటే దాని కోసం ధర్నా చేసేవాళ్లు ఉండరు. కమిటీని క్రమం తప్పకుండా కూర్చోబెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. క్యాలెండర్‌లో ఒక తేదీ చాలు.

బాబాయ్‌కి దరఖాస్తు నింపి ఇచ్చాను. అబ్బాయి పక్కనే కూర్చుని నా కాలిక్యులేటర్ బటన్లు వరసగా నొక్కుతున్నాడు. ఫారం మీద సంతకం చేసే ముందు బాబాయ్ వాడి వైపు తిరిగి, "నీ పని మీదే నాయనా, రేపు డీసీ ఆఫీసుకు వెళ్దాం" అని తెలుగులో చెప్పారు. వాడు తల ఎత్తి చూశాడు.

త్వరిత పునశ్చరణ

- 1943: కానర్ వ్యాసం, 11 మంది పిల్లలు
- 1962: లండన్‌లో తల్లిదండ్రుల సొసైటీ, 1965: అమెరికాలో జాతీయ సంఘం
- 1984: సికింద్రాబాద్‌లో ఎన్ఐఎంహెచ్, నేటి ఎన్ఐఈపీఐడీ
- 1991: యాక్షన్ ఫర్ ఆటిజం, 1995: పరివార్
- 1992: పునరావాస మండలి చట్టం, 1995 చట్టంలో ఆటిజం లేదు
- 1999: నేషనల్ ట్రస్ట్ చట్టం, సెక్షన్ 13 స్థానిక కమిటీ, సెక్షన్ 14 గార్డియన్. మానసిక అనారోగ్యం ఈ చట్టం పరిధిలోకి రాదు, ప్రిలిమ్స్‌లో ఇక్కడే తడబడతాం
- నిరామయ: నేషనల్ ట్రస్ట్ ఆరోగ్య బీమా, లక్ష రూపాయల వరకు
- 2016: 21 వైకల్యాలు, సెక్షన్ 14 పరిమిత సంరక్షకత్వం
- ఏప్రిల్ 2: ప్రపంచ ఆటిజం అవగాహన దినం

సాధన ప్రశ్న (15 మార్కులు, 250 పదాలు)

"భారత్‌లో వైకల్య హక్కుల చట్టాలు పౌరసంఘాల కృషి ఫలితం, వాటి అమలు మాత్రం సిబ్బంది కొరతతో ఆగిపోయింది." ఆటిజాన్ని ఉదాహరణగా తీసుకుని విమర్శనాత్మకంగా పరిశీలించండి.

రాసినవాళ్లు కామెంట్‌లో పెట్టండి. ఆదివారం కూర్చుని చదివి నా అభిప్రాయం చెబుతాను. వచ్చే వారం స్వదేశీ ఉద్యమం, ఈసారి తప్పకుండా.